సార్ అని పిలిచే మనిషిని ఇంటర్వ్యూ చేయడమెలా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టొద్దన్నారు. వాటిని తీసేసి, ముందు ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 43 ఏళ్లు. విమానం లోపల మనకు కనిపించేవన్నీ, అంటే భోజనం వేడిచేసే గ్యాలీలు, టాయిలెట్లు, మధ్య గోడలు, సామాను అరలు తయారుచేసే ఒక జర్మన్ కంపెనీకి ఇక్కడ ఇంజనీరింగ్ సెంటర్ ఉంది. ఆమె దానికి హెడ్. కింద 60 మంది పనిచేస్తున్నారు. గల్ఫ్‌లోని ఒక ఎయిర్‌లైన్ తన 18 విమానాల్లో పాత గ్యాలీలు, లావెటరీలు (టాయిలెట్లు) తీసేసి కొత్తవి పెట్టించుకుంటోంది. ఆ ప్రాజెక్టుకు ప్రోగ్రామ్ మేనేజర్ కావాలి. నవంబర్‌లో మొదటి విమానం హ్యాంగర్‌కి వస్తుంది. ఉత్తరం రాసింది ఏప్రిల్‌లో.

పద్నాలుగు నెలల క్రితం ఇదే కుర్చీలో ఆమె ఒకరిని కూర్చోబెట్టారు. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ప్రాజెక్టులు నడిపిన మనిషి. గంటన్నర ఇంటర్వ్యూలో ప్యానెల్ మొత్తాన్ని మాటలతో కట్టిపడేశాడట. ఏడు నెలలు ఆయన పంపిన రిపోర్టుల్లో అన్నీ పచ్చ గుర్తులే. ఎనిమిదో నెలలో, మొదటి గ్యాలీ తనిఖీ మూడు వారాల్లో ఉందనగా, ఎయిర్‌లైన్ మార్చిన లామినేట్‌కు (గోడల మీద అంటించే రంగు పొరకు) మంట పరీక్ష చేయించనే లేదని బయటపడింది. పని పదకొండు వారాలు వెనకబడింది. పదో నెలలో ఆయన మానేశాడు. జర్మనీలోని బాస్ ఒక కాల్‌లో "ఈసారి కాస్త చూసి తీసుకోండి" అన్నాడు. "ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ మాట ఇంకా చెవిలో గుయ్యిమంటోంది" అని రాశారు.

ఆ తరవాత నాలుగు నెలల్లో తొమ్మిది మందిని చూశారు. ఎవరూ కుదరలేదు. పగలు ఇంజనీరింగ్ హెడ్ పని, సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా ప్రోగ్రామ్ మేనేజర్ పని, రెండూ ఆమే చూస్తున్నారు. కొడుకు ఈ ఏడు పదో తరగతి. "ఎవరో ఒకర్ని తీసుకోరాదూ" అంటాడు భర్త.

చివరికి ముగ్గురు మిగిలారు. ఒకరు ఐటీ నుంచి, చేతిలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కు ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్, పైగా ఆడపడుచు భర్తకు స్నేహితుడు. రెండో అతను విశాఖపట్నం వాడు, 36 ఏళ్లు. హాంబర్గ్‌లో విమానం సీట్ల ప్రాజెక్టుల్లో ఏడేళ్లు పనిచేసి, అమ్మానాన్నల కోసం తిరిగి వస్తున్నాడు. ఏడేళ్లలో మూడు కంపెనీలు మారాడు. అనుకున్న జీతం కంటే 35 శాతం ఎక్కువ అడుగుతున్నాడు. ఇంటర్వ్యూలో షెడ్యూల్ చూపిస్తే "దీన్ని నేను నమ్మను, ఆగస్టులో మీకు ప్యానెల్స్ ఎవరు చేసిస్తారు?" అని నవ్వాడట. ఇంటర్వ్యూ ప్యానెల్లో ఇద్దరికి అది పొగరుగా అనిపించింది.

మూడో వ్యక్తి ఆమె టీమ్‌లోని సీనియర్ స్ట్రెస్ ఇంజనీర్ (భాగాలు బరువుకు ఆగుతాయా లేదా అని లెక్కకట్టేవాడు), 54 ఏళ్లు. ఆమె ట్రైనీగా చేరినప్పుడు లెక్కలు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయన ఆమె కింద పనిచేస్తున్నా, ఆమె "సార్" అనే పిలుస్తారు, ఆయన "అమ్మా" అంటాడు. ఆయన దరఖాస్తు పెట్టలేదు, హెచ్ఆర్ వాళ్లు పేరు చేర్చారు. అడిగితే "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. పని మొత్తం తెలుసు. కస్టమర్‌కి కుదరదని చెప్పడం మాత్రం ఆయన వల్ల కాదు.

ఉత్తరం మధ్యలో ఒక వాక్యం ఉంది: "సర్టిఫికేషన్ టీమ్ జర్మనీలో ఉంటుంది, మా వాళ్లకు వాళ్లను నేరుగా అడిగే అలవాటు లేదు." విమానంలో పెట్టే వస్తువు భద్రతా నిబంధనలకు సరిపోతుందని తేల్చేది ఆ టీమే. ఆ వాక్యాన్ని ఆమె అలా దాటేశారు. నేను దాటలేను.

ఎవరిని తీసుకోవాలి, ఏం అడగాలి, సార్‌ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడం తన వల్ల అవుతుందా అన్నవి ఆమె ప్రశ్నలు.

---

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ పనిలో నేను ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను కాబట్టి లామినేట్ దగ్గరకు రాగానే నా కడుపులో కూడా కాస్త తిప్పింది.

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. అడగని నాలుగోది మిమ్మల్ని ఎక్కువ తినేస్తోంది: పోయినసారి తప్పు నాదేనా? ముందు దాని సంగతి చూద్దాం. అది తేలకపోతే పదో మనిషీ మీకు నచ్చడు, పదకొండో మనిషీ నచ్చడు.

పోయినసారి మీరు మాట చూసి మనిషిని తీసుకున్నారు. అది మీ తప్పే, ఒప్పుకుందాం. కానీ ఆయనకు లామినేట్ సంగతి ఎవరు చెప్పాలి? ఎయిర్‌లైన్ రంగు మార్చింది. చాలామందికి అది రంగు మార్పే. మన పనిలో మాత్రం కొత్త లామినేట్, దాని జిగురు, వెనకున్న ప్యానెల్, అన్నీ కలిపి కొత్త వస్తువు కింద లెక్క. పాత పరీక్షల ఆధారంగా ఇది కూడా సరిపోతుందని సర్టిఫికేషన్ వాళ్లు ఒప్పుకోవాలి, లేదా మళ్లీ కాల్చి చూడాలి. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన మనిషికి ఇది పుట్టుకతో రాదు. తెలిసినవాళ్లు జర్మనీలో ఉన్నారు, వాళ్లను నేరుగా అడిగే అలవాటు ఇక్కడ లేదు. ఏడు నెలలు రిపోర్టులన్నీ పచ్చగా ఉంటే మీరూ, మీ బాస్, మీ 60 మంది, ఒక్కరూ అనుమానపడలేదా? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయమైందన్నట్టు ఉంది.

కాబట్టి తప్పులో సగం మనిషిది, సగం కుర్చీది. కుర్చీ బాగుచేయకుండా ఎవరిని కూర్చోబెట్టినా పడతారు. కొత్త ఇంటర్వ్యూ పెట్టేముందు మీ బాస్‌తో ఒక మెయిల్‌లో మూడు విషయాలు తేల్చుకోండి. ఎయిర్‌లైన్ మార్పు అడిగితే, ఎంత ఖర్చు, ఎన్ని వారాలు అని చెప్పకముందే సేల్స్ వాళ్లు సరే అనకుండా ఆపే అధికారం ప్రోగ్రామ్ మేనేజర్‌కి ఉందా? సర్టిఫికేషన్ ఇంజనీర్‌కి నేరుగా ఫోన్ చేయవచ్చా? కాగితాలు పూర్తికాని సరుకు ఫ్యాక్టరీ గేటు దాటకుండా ఆపగలడా? మూడింటికీ అవునంటే మీరు నిజంగా ప్రోగ్రామ్ మేనేజర్ని వెతుకుతున్నట్టు. కాదంటే మీకు కావలసింది ఫైళ్లు, తేదీలు చూసుకునే కోఆర్డినేటర్. అప్పుడు తక్కువ జీతానికి చురుకైన కుర్రాడిని తీసుకోండి, అసలు ప్రోగ్రామ్ మేనేజర్ మీరేనని ఇంట్లో కూడా చెప్పేయండి. అది సిగ్గుపడాల్సిన ఏర్పాటేమీ కాదు. పేరు ఒకటి, పని ఒకటి పెట్టి మనిషిని తీసుకుంటేనే గొడవ.

ఇక ఆ కుర్చీలో పని ఏమిటన్నది. క్యాబిన్ పని మిగతా విమానం పనిలాంటిది కాదని మీకు తెలుసు, మీ ప్యానెల్లోని హెచ్ఆర్ వాళ్లకు తెలియదు. రెక్క లోపలి రిబ్ ఏ రంగులో ఉండాలని ఎయిర్‌లైన్ ఛైర్మన్ అడగడు. టాయిలెట్ తలుపు రంగు మాత్రం అడుగుతాడు, రెండుసార్లు మారుస్తాడు కూడా. గ్యాలీ మనం చేస్తాం, అందులోకి వచ్చే ఓవెన్లు, కాఫీ మేకర్లు ఇంకెక్కడి నుంచో వస్తాయి, వాటిని కొనేది చాలాసార్లు ఎయిర్‌లైనే. ఒక్క ఓవెన్ ఆలస్యమైనా నింద మన మీదికే వస్తుంది. అన్నిటికంటే చివర బిగించేది క్యాబిన్ కాబట్టి, ఎవరి ఆలస్యమైనా చివరికి ఇక్కడే బయటపడుతుంది. 2015, 2016లో ఎయిర్‌బస్ ఏ350 విమానాల డెలివరీలు టాయిలెట్లు, సీట్ల కోసం ఆగాయి. ఇంజన్లున్నాయి, రెక్కలున్నాయి, టాయిలెట్ తలుపులు లేవు! మన దగ్గర ఎయిర్ ఇండియా 2022 డిసెంబర్‌లో 40 పెద్ద విమానాల లోపలి భాగాలు మార్చడానికి 40 కోట్ల డాలర్ల పథకం ప్రకటించింది. అది అనుకున్న వేగంతో సాగకపోవడానికి సీట్ల సరఫరా ఆలస్యం కారణమని సంస్థ పెద్దలే బహిరంగంగా చెప్పారు. అంత డబ్బు, అంత పేరు ఉన్నవాళ్లకే ఈ గతి. మీ పదకొండు వారాలను గుండెల మీద పెట్టుకుని తిరగకండి.

ఇప్పుడు ఇంటర్వ్యూ. "మీ గురించి చెప్పండి", "ఐదేళ్ల తరవాత ఎక్కడుంటారు" లాంటివి వదిలేయండి. మాటకారికి అవి పండగ. నేనైతే గంటలో సగం ఒకే ఒక్క ప్రశ్న మీద గడుపుతాను: మీ చేతిలో చెడిపోయిన పని ఒకటి చెప్పండి. అది చెడుతోందని మీకు ఏ రోజు తెలిసింది? ఏ రోజు పైవాళ్లకు చెప్పారు? కస్టమర్‌కి ఏ రోజు చెప్పారు? ఈ తేదీల మధ్య దూరమే మీకు కావలసిన జవాబు. రెండు రోజులైతే మంచిది. రెండు వారాలైతే ఎందుకని అడగండి, ఒక్కోసారి న్యాయమైన కారణం ఉంటుంది. తేదీలే గుర్తులేవు, "టీమ్ అంతా కలిసి అధిగమించాం" అంటే, ఆయన అక్కడ లేడన్నా అనుకోండి, ఉన్నా దాచిపెట్టాడన్నా అనుకోండి. పోయినసారి ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ మనిషి గంటన్నర మాట్లాడగలిగేవాడు కాదు.

తరవాత ఒక చిన్న పరీక్ష. మీ సొంత గాయాన్నే వాడుకోండి. "క్రిటికల్ డిజైన్ రివ్యూ (డిజైన్‌ను ఖరారు చేసే సమీక్ష) అయిపోయింది. మొదటి తనిఖీ ఆరు వారాల్లో ఉంది. ఎయిర్‌లైన్ లావెటరీ గోడ లామినేట్ మార్చమంది. సేల్స్ వాళ్లు ఇప్పటికే సరేనన్నారు. మీ మొదటి మూడు ఫోన్లు ఎవరికి?" అని అడగండి. "సంబంధించిన వాళ్లందరితో మీటింగ్ పెడతాను" అంటే మర్యాదగా టీ ఇప్పించండి. పని తెలిసినవాడు ఎదురు ప్రశ్నలు వేస్తాడు. అదే తయారీదారుదా, వేరే కంపెనీదా? ఈ ప్యానెల్ మీద ఇంతకుముందు పరీక్షల డేటా ఉందా? పరీక్ష ముక్కలకు సరిపడా మెటీరియల్ ఎన్ని రోజుల్లో వస్తుంది? కాంట్రాక్టులో మార్పులకు ఆఖరి తేదీ ఏది? డబ్బు సంగతి కూడా ఎత్తాలి. ఎత్తకపోతే మంచి ఇంజనీర్ అనుకోవచ్చు, ప్రోగ్రామ్ మేనేజర్ మాత్రం ఇంకా కాలేదు.

ఇంకోటి, మంట నిబంధనలు ఎందుకు అవసరమో అడగండి. మంట పరీక్షలోని 65/65 పరిమితి అంటే ఏమిటని అడిగితే ఎవరైనా బట్టీపట్టి చెబుతారు, చదరపు మీటరుకు ఇన్ని కిలోవాట్ల వేడి మించకూడదని. ఎందుకు అని అడిగితే కొందరే చెబుతారు. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో ఒక బోయింగ్ 737 టేకాఫ్ పరుగులో ఉండగానే ఇంజన్ చెడి మంట రేగింది. విమానం నేల మీదే ఉంది, ఫైరింజన్లు పక్కనే ఉన్నాయి, అయినా 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకే. ముందు తలుపు దగ్గర గ్యాలీ పక్క గోడల మధ్య దారి ఇరుకుగా ఉండటం కూడా దర్యాప్తులో చర్చకు వచ్చింది. గ్యాలీలు చేయించే మనిషికి ఈ సంగతి తెలిసి ఉంటే, మంట పరీక్షను ఎక్సెల్ షీట్‌లో ఒక గడిగా చూడడు. తెలియకపోతే కొంపలేం మునగవు. చెప్పినప్పుడు ముఖం ఎలా ఉందో చూడండి.

నా సొంత కథ ఒకటి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒక గ్యాలీకి లోడ్ పరీక్ష చేశాం. ముందుకు 9జీ, అంటే ట్రాలీలతో నిండిన గ్యాలీ బరువుకు తొమ్మిది రెట్లు లాగాలి. చిన్న పగులు కూడా రాలేదు. సంబరంగా బిర్యానీ తెప్పించాం. మర్నాడు తెలిసింది, పరీక్షకు పెట్టిన గ్యాలీ డ్రాయింగ్ ప్రకారమే ఉందని ధృవీకరించే కన్ఫర్మిటీ తనిఖీ ముందుగా జరగలేదని. కాగితం లేని పరీక్ష లెక్కలోకి రాదు. ఇంకో గ్యాలీ చేసి, మళ్లీ లాగాం. ఆ ప్రోగ్రామ్ మేనేజర్ మంచివాడు, కష్టపడేవాడు, తనిఖీ తేదీ తన షెడ్యూల్లో లేనేలేదు. అందుకే షెడ్యూల్ కాగితం ఒకటి చేతికివ్వండి, అందులో కావాలనే రెండు తప్పులు పెట్టండి. పరీక్షకు ముందు కన్ఫర్మిటీ లేకుండా ఒకటి, పరీక్ష తప్పితే మళ్లీ చేయడానికి ఒక్క రోజు కూడా లేకుండా ఇంకోటి. పది నిమిషాలు వదిలేయండి.

కాగితమే కదా అని చిన్నచూపు చూసేవాళ్ల కోసం ఇంకో సంగతి. 2010లో కొయితో అనే జపాన్ సీట్ల కంపెనీ పరీక్షల వివరాలను తారుమారు చేసిందని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. సుమారు 1,000 విమానాలు, 1,50,000 సీట్లు, 32 ఎయిర్‌లైన్లు ఆ ఊబిలో ఇరుక్కున్నాయి. డెలివరీ తేదీ తరుముతుంటే ఎవరికైనా చెయ్యి జారే క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణం ఎప్పుడైనా వచ్చిందా, అప్పుడు ఏం చేశారు అని కూడా అడగండి. ఎప్పుడూ రాలేదనేవాళ్లను నేను నమ్మను.

ఇప్పుడు మనుషుల సంగతికొద్దాం.

ఐటీ ఆయన గురించి ఎక్కువ చెప్పను. పీఎంపీ మంచి చదువే, క్రమశిక్షణ నేర్పుతుంది. ఆ నేపథ్యం నుంచి వచ్చి ఈ పనిలో రాణించినవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నేర్చుకోవడానికి ఒక ఏడాది దొరికింది. మీకు నవంబర్ వరకే ఉంది. ఆడపడుచు గారింటికి వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా "ఈ ప్రాజెక్టుకు సమయం చాలదు" అని ఒక్క ముక్కలో చెప్పండి. వివరాల్లోకి వెళితే చర్చ మొదలవుతుంది.

విశాఖ అబ్బాయిని మీ ప్యానెల్ పొగరుబోతు అంటోంది. నేను మీ ఉత్తరంలో ఆ చోట ఆగిపోయాను. ఇటలీలో, ఫ్రాన్స్‌లో చాలా ఫ్యాక్టరీలు ఆగస్టులో రెండు మూడు వారాలు మూసేస్తారు. మీ ప్యానెల్స్ వచ్చేది అక్కడి నుంచేనా కాదా ఉత్తరంలో లేదు, కానీ ఆ అబ్బాయి ఒక కాగితం చూసి, ఐదు నిమిషాల్లో, ఉద్యోగం ఇంకా చేతికి రాకముందే చెడు కబురు మీ మొహాన చెప్పాడు. పోయినసారి తీసుకున్న మనిషి ఏడు నెలల్లో చెప్పలేనిది! ఆ ఆగస్టు మాట నిజమో కాదో మీరు సరిచూశారా? నిజమైతే ఉద్యోగం ఇవ్వకముందే మీకు ఓ ఉపకారం చేసినట్టు.

అలాగని కళ్లు మూసుకుని తీసుకోమనడం లేదు. నాకూ రెండు అనుమానాలున్నాయి. క్యాబిన్ ప్రాజెక్టు డిజైన్ నుంచి మొదటి డెలివరీ దాకా రెండేళ్లు సులువుగా పడుతుంది. ఏడేళ్లలో మూడు చోట్లు మారాడంటే, తాను వేసిన షెడ్యూల్ చివర్న ఏమైందో కళ్లారా చూశాడా? మొదటి షిప్‌సెట్ (ఒక విమానానికి సరిపడా సామాను) విమానంలోకి ఎక్కించేటప్పుడు హ్యాంగర్‌లో నిలబడ్డాడా, అప్పటికే వేరే కంపెనీలో ఉన్నాడా? ఒక్కో చోట ఏ దశలో వదిలాడో అడగండి. మొదటి డెలివరీ తరవాత మానేస్తే చింత లేదు. మూడు చోట్లా ముందే వెళ్లిపోయి ఉంటే నేను వెనకాడతాను. రెండోది, అతను సీట్ల మనిషి. సీట్లకు 16జీ పరీక్ష, మీ గ్యాలీలకు వేరే లెక్క. కొంత పనికొస్తుంది. ముందు వరుసలో కూర్చున్న మనిషి తల ఎదురు గోడకు తగిలే లెక్కలో సీటు వాళ్లూ గోడ వాళ్లూ కొట్టుకుంటారని మీకు తెలుసు, ఆ గొడవను అవతలి పక్క నుంచి చూసి ఉంటాడు. గ్యాలీలో నీళ్లు, కరెంటు, డ్రైన్, ఇవి మాత్రం కొత్త.

అతని గురించి వాకబు చేసేటప్పుడు అతని అనుమతితోనే చేయండి. పాత బాసును అడగకండి, బాసులు మంచిగానే చెబుతారు. అతనితో పనిచేసిన ఒక సర్టిఫికేషన్ ఇంజనీర్ పేరు ఇమ్మనండి. వాళ్లను ఒకటే అడగండి: "ఇతని నుంచి ఫోన్ వస్తే ఎత్తేవారా?"

జీతం సంగతి మీరే తూచుకోవాలి. ఒకటి మాత్రం మరచిపోకండి. అతనికి 35 శాతం ఎక్కువిస్తే ఆ కబురు నెలలో సార్ చెవిన పడుతుంది. మన ఆఫీసుల్లో జీతాలు రహస్యమని హెచ్ఆర్ వాళ్లు మాత్రమే నమ్ముతారు.

ఇక సార్.

స్ట్రెస్ ఇంజనీర్ అంటే బయటివాళ్లు టెన్షన్ ఎక్కువున్న ఇంజనీర్ అనుకుంటారు. నిజానికి ఆ పని చేసేవాళ్లు నాకు తెలిసినంతలో చాలా నిదానస్తులు. లెక్క తేలేదాకా మాట్లాడరు, తేలాక మార్చుకోరు. మీ సార్ కస్టమర్‌కి కుదరదని చెప్పలేడని రాశారు. కానీ ఒక బ్రాకెట్ బరువు ఆపదని లెక్క వస్తే, డిజైనర్ ఎంత బతిమాలినా సంతకం పెట్టడు కదా? అంటే కుదరదని చెప్పడం ఆయనకు వచ్చు, కాగితం మీద వచ్చు. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి, లెక్క లేని చోట, డబ్బు గురించి, తేదీ గురించి చెప్పడం రాదు. కొందరు 54లో కూడా నేర్చుకుంటారు. అందరికీ అవసరం లేదు.

"నీ ఇష్టం అమ్మా" అన్నదాన్ని మీరు సరే అన్నట్టు చదివారు. నాకు అది మూడు రకాలుగా వినిపిస్తోంది. నిజంగానే పట్టింపు లేకపోవచ్చు. కావాలని ఉండి, మీ ముందు అడగడానికి అభిమానం అడ్డురావచ్చు. లేదా వద్దని ఉండి, మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక అన్నది కావచ్చు. మీరు తెలుసుకోకుండా ప్యానెల్ ముందు కూర్చోబెడితే మూడింటిలో రెండు సందర్భాల్లో ఆయన్ని అవమానించినట్టే. నచ్చకపోతే మీ నోటితో కాదనాలి, నచ్చితే "శిష్యురాలు గురువుకి ఇచ్చుకుంది" అని క్యాంటీన్‌లో అంటారు.

అందుకే ముందు ఒంటరిగా మాట్లాడండి. ఆయన కావాలంటే మిగతావాళ్లకు ఇచ్చిన పరీక్షే ఆయనకూ ఇవ్వాలి, తగ్గించకూడదు. కానీ ఆ రౌండులో మీరు ఉండకండి. మీకూ ఆయనకూ ఉన్న అనుబంధం సంగతి బాస్‌కి ముందే రాసి, జర్మనీ నుంచి ఒకరిని, మీ సెంటర్ బయటి వారిని ఒకరిని కూర్చోబెట్టండి. ఇరవై ఏళ్లు సార్ అన్న మనిషిని ప్రశ్నలడగడం మీ వల్ల అవుతుందా అన్నారు. అవుతుందేమో, అయినా ఎందుకు? ఆయన మీ ముఖం చూసి జవాబు చెబుతాడు, మీరు ఆయన ముఖం చూసి తేలిక ప్రశ్న వేస్తారు.

దారులు నాకు కనిపించినంతవరకు చెబుతాను.

విశాఖ అబ్బాయి ఆ వాకబులో నిలబడితే అతన్ని ప్రోగ్రామ్ మేనేజర్‌గా, సార్‌ని అదే ప్రాజెక్టుకు చీఫ్ ఇంజనీర్‌గా పెట్టవచ్చు. సాంకేతిక విషయంలో ఆఖరి మాట సార్‌ది, తేదీలు, డబ్బు, కస్టమర్ అబ్బాయివి. నా మనసు కాస్త ఇటే మొగ్గుతోంది. కానీ జర్మనీలో మూడు నెలల నోటీసు మామూలే. ఆగస్టు వస్తుంది, అంటే ఫ్యాక్టరీ మూసే నెలలోనే చేరతాడు. అప్పటిదాకా మీ రాత్రులు ఇలాగే ఉంటాయి. పైగా 54 ఏళ్ల మనిషి, 36 ఏళ్ల మనిషి, ఇద్దరి మధ్య మొదటి గొడవ లెక్క మీద రాదు, ఎవరు ఎవరికి ముందు మెయిల్ పెట్టాలన్న దాని మీద వస్తుంది. అది మీరే తీర్చాలి.

సార్‌కే ఇచ్చి, కస్టమర్ కాల్స్‌లో గట్టిగా మాట్లాడగల కుర్రాడిని పక్కన పెట్టవచ్చు. రేపటి నుంచే పని మొదలవుతుంది, టీమ్ మొత్తం ఆయన మాట వింటుంది. కాకపోతే గల్ఫ్ కస్టమర్ ఐదో మార్పు అడిగిన రోజు ఆయన "చూద్దాం" అంటాడు. మన "చూద్దాం"ను వాళ్లు సరే అని రాసుకుంటారు. మీరు ప్రతి కాల్‌లో కూర్చోవలసి వస్తే, మీ భారం తగ్గనట్టే. మీ దగ్గర ఒక మంచి స్ట్రెస్ ఇంజనీర్ కూడా తగ్గుతాడు, నవంబర్ ముందు లావెటరీ లెక్కలు ఎవరు సంతకం చేస్తారో చూసుకున్నారా?

ఆరు నెలలకు జర్మనీ నుంచి ఒకరిని అరువు తెచ్చుకోవడం మరో దారి. మొదటి విమానం గట్టెక్కుతుంది. మీ బాస్ దీనికి ఒప్పుకోవచ్చు, కానీ "హైదరాబాద్‌కి ప్రోగ్రామ్ నడపడం రాదు" అన్న అభిప్రాయం ఒకటి అక్కడ స్థిరపడుతుంది. తరవాత దాన్ని కడగడం కష్టం. నేను చివరి ప్రయత్నంగానే వాడతాను.

నాలుగోది మీరు ఊహించి ఉండరు. మీ నాలుగు పేజీల్లో ఒకటిన్నర పేజీ, ఆ లామినేట్ పరీక్షను మీరు పదకొండు వారాల్లో ఎలా ఒడ్డుకు చేర్చారో రాశారు. ల్యాబ్‌లో స్లాట్ ఎలా పట్టారు, ఎయిర్‌లైన్ ఆయన్ని ఎలా ఒప్పించారు, మెటీరియల్ ఎవరి సామానులో ఎక్కించి తెప్పించారు, అన్నీ. విసుగు గురించి రాసింది నాలుగు లైన్లు. ప్రోగ్రామ్ మేనేజర్ మీరే అయితే? ఇంజనీరింగ్ హెడ్ పని చేయగలవాళ్లు మీ దగ్గర ఒకరిద్దరు ఉండే ఉంటారు, బహుశా సార్ కూడా. హోదాలో ఒక మెట్టు దిగినట్టు కనిపిస్తుంది, బంధువులకు వివరించడం చిరాకు, జీతం మీద గట్టిగా మాట్లాడాలి. బాబు పదో తరగతి ఏడాదిలో కాల్స్ తగ్గవు, రెండు పనులు ఒక పని అవుతాయి, అంతే. ఇది మీకు నచ్చకపోతే పక్కన పడేయండి. కానీ ఒకసారి ఇంట్లో పైకి అని చూడండి, మీ గొంతు ఎలా వస్తుందో.

ఏ దారైనా, బాస్‌కి రాయాల్సిన మెయిల్ ముందు వెళ్లాలి. ఈ వారమే. ఆగస్టు సంగతి రేపే సప్లయర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. అది నిజమైతే విశాఖ అబ్బాయికి మీరే ఫోన్ చేసి చెప్పండి, హెచ్ఆర్ ద్వారా కాకుండా.

సార్‌తో మాట్లాడటానికి మీటింగ్ రూమ్ బుక్ చేయకండి. క్యాలెండర్‌లో ఇన్వైట్ వస్తే ఆయన ముందే జవాబు తయారుచేసుకుని వస్తాడు. ట్రైనీగా ఉన్నప్పుడు ఆయన మీకు లెక్కలు ఎక్కడ కూర్చోబెట్టి చెప్పేవాడో అక్కడికే టీ తీసుకెళ్లండి. "సార్, మీకు ఈ పని కావాలా వద్దా? నా ఇష్టం సంగతి తరవాత" అని అడగండి. ఆయన కాసేపు మాట్లాడకపోయినా మీరు మధ్యలో దూరకండి.